గలగల చాప

ఆవిడ్ని అందరూ ఆటలత్త అనేవారు. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో. ఆయన "ఏమే" అనడమే గానీ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పళ్ళ డాక్టరు క్లినిక్ కింద, మెట్ల పక్కన ఉన్న పొడుగాటి గది ఆవిడ రాజ్యం. ఆటిజం ఉన్న పిల్లల్ని తోటిపిల్లలతో కలిపి ఆడించడం ఆవిడ పని. "ఆడించడం కూడా ఒక పనేనా?" అని మూతి విరిచేవాళ్ళకి ఆ ఊళ్ళో కొదవ లేదు. అలాంటివాళ్ళని ఒక్క పూట ఆ గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేస్తే సరి. తల ప్రాణం తోకకొచ్చి, దండం పెట్టి మరీ బయటపడతారు.

మొదట్లో ఆవిడ వట్టి వాగుడుకాయ. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. చంటిపిల్లల బడిలో టీచరుగా ఉన్నప్పుడు ఆవిడ గొంతు వీధి చివర కొట్టువాడికి కూడా వినబడేదట. ఈ పనిలోకొచ్చాక ఆ నోటికి తాళం పడింది. పెద్దవాళ్ళు మధ్యలో మాట్లాడినంతసేపూ పిల్లలు పెద్దవాళ్ళతోనే ఆడతారు, ఒకళ్ళతో ఒకళ్ళు ఆడరు. ఈ చిన్న సంగతి బుర్రకెక్కడానికి ఆవిడకి చాలా కాలమే పట్టింది. ఎక్కాక, మూలన పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉందా లేదా అన్నట్టు కూర్చోవడం నేర్చుకుంది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. టైలరు మొగుడు వాపోయేవాడు: "ఇన్నేళ్ళూ నీ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూశాను. తీరా మూతపడ్డాక కొంపంతా బోసిపోయి చస్తున్నాను, ఏదో ఒకటి తిట్టవే!"

పక్క వీధి బడి నుంచి మధ్యాహ్నం కొందరు పిల్లలు వచ్చేవారు. వాళ్ళు జోడీపిల్లలు. అసలు శిక్షణంతా వీళ్ళకే. ఎదుటి పిల్ల దగ్గరికెళ్ళి కూర్చో, చేతిలో ఉన్నది చూపించు, ఒక్క మాట చెప్పు, తర్వాత ఆగు. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. ఆ ఆగడమే రాదు ఒక్కళ్ళకీ. ఎదుటి పిల్ల తలెత్తకపోతే భుజం పట్టి కుదిపేస్తారు, చెవి దగ్గర అరుస్తారు, లేదంటే విసుగొచ్చి లేచిపోతారు. "అది వింటోందర్రా," అనేది ఆటలత్త. "మీ మొహంలోకి చూడకపోతే విననట్టేనా? వడ్డించాక ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా ఆగరూ? అలా ఆగండి."

ఆ గదిలో ఇంకో పద్ధతి ఉండేది. ఒక్కో పిల్లకీ ఒక్కో చాప. టైలరు మిగులు గుడ్డలు అతికి కుట్టిచ్చినవి, ఏ రెండూ ఒక రంగువి కావు. చాపలన్నీ గుండ్రంగా పరిచి, లోపల మువ్వ పెట్టి కుట్టిన గుడ్డబంతిని ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి దొర్లించేవాళ్ళు. ఎవరైనా రాని రోజు కూడా వాళ్ళ చాప తీసేవారు కాదు. వాళ్ళ వంతు రాగానే బంతి ఆ ఖాళీ చాప మీదికి దొర్లేది. అందరూ కాసేపు ఆగేవాళ్ళు. అప్పుడు పక్కనున్న పిల్ల ఆ బంతి తీసి ముందుకు పంపేది. వరస తప్పితే విలవిల్లాడిపోయే పిల్లల కోసం పెట్టిన పద్ధతి అది. కొత్తగా చూసేవాళ్ళు, పిల్లలంతా ఖాళీ చాపకేసి చూస్తూ నిశ్శబ్దంగా కూర్చోవడం చూసి గుటకలు మింగేవారు. ఆటలత్త మాత్రం వాళ్ళ భయం చూసి లోలోపల నవ్వుకునేది.

ఆ గదిలోకి ఒకరోజు గువ్వ వచ్చింది. వాళ్ళ నాన్నకి బేకరీ ఉంది. తల్లి లేదు. తండ్రి ఎక్కడికెళితే అక్కడికి చంక దిగకుండా వచ్చేది. ఒక మూల చూసుకుని కూర్చుందంటే సీసా మూతల్ని వరసగా పేర్చుకోవడమే. మాటలు ఉన్నాయి గానీ అన్నీ అరువు మాటలు. బేకరీకి వచ్చేవాళ్ళు అనేవి అచ్చు వాళ్ళ గొంతులతోనే దించేసేది. "రెండు బన్నులివ్వన్నా" అని ముసలాయన గొంతు, "నిన్నటివా, ఇవాళ్టివా?" అని ఎవరో పెద్దావిడ గొంతు ఆ చిన్న నోట్లోంచి వస్తుంటే నవ్వాలో జడుసుకోవాలో తెలిసేది కాదు. తన గొంతుతో, తన మాటగా, తోటి పిల్లతో ఒక్కటంటే ఒక్క మాట అన్నది లేదు.

గువ్వకి జోడీగా వచ్చిన పిల్ల పేరు గలగల, పేరుకి తగ్గట్టే ఉండేది. అలుపు లేకుండా మాట్లాడేది. ఆటలత్తకి తన చిన్నతనమే గౌను వేసుకుని వచ్చినట్టుండేది. మొదట్లో గువ్వ చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. గలగల మూతి ముడుచుకునేది. తర్వాత, ఎవరు చెప్పారో ఏమో, గలగల కూడా బల్ల కింద దూరి, ఒక సీసా మూత గువ్వ వరస చివర పెట్టి నోరు మూసుకుని కూర్చుంది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. చివరికి ఒక మధ్యాహ్నం గువ్వ బల్ల కిందినుంచి వచ్చి, తన చాప మీద కూర్చుని, మువ్వ బంతిని గలగల వైపు దొర్లించింది. తండ్రి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చేతినిండా పిండి, అదే చేత్తో కళ్ళు తుడుచుకుని మొహమంతా తెల్లగా చేసుకున్నాడు పాపం.

తర్వాత ఆ ఇద్దరూ ఎంత కలిసిపోయారంటే, మిగతా పిల్లలు ఆ ఇద్దరి మధ్య నుంచి నడవడం మానేశారు. మాటల్లేవు. బంతి వెళ్ళేది, ఆగేది, వచ్చేది. ఒక్కోసారి ఇద్దరూ ఒకేసారి ఫక్కున నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వారో అక్కడున్నవాళ్ళకి ఒక్కళ్ళకీ తెలిసేది కాదు.

అలా ఉండగా గలగల తల్లి వచ్చింది. ఆవిడకి ఇంటి ముందుగదిలోనే బ్యూటీ పార్లరు. వచ్చిందే ఒళ్ళు మండిపోతూ వచ్చింది.

"మా పిల్ల నోరు ముయ్యమన్నా ఊరుకునేది కాదండీ. ఇప్పుడు నేనే మాట్లాడించుకోవాలి. గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఉన్నట్టుండి నవ్వుతుంది. మీ దగ్గర్నుంచి ఏదో అంటించుకొచ్చింది."

"ఆటిజం అంటుకునేది కాదమ్మా."

"అయితే ఇదేంటో మీరే చెప్పండి."

గలగల తల్లి పిల్ల చెప్పులు తీసుకుని, పిల్లని రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. అంటుకోవడమట, అంటుకోవడం! ఈ మాట వినీవినీ ఆ గదికొచ్చే పిల్లల తల్లిదండ్రుల చెవులు చిల్లులు పడ్డాయి. కానీ గలగల తల్లి మొహంలో ఉన్నది పొగరు కాదు, వట్టి భయం. ఆటలత్తకి అందుకే గట్టిగా ఒక మాట అనబుద్ధి కాలేదు.

బేకరీ అతను ఆ సాయంత్రం తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "అమ్మా, భూమ్మీద దానికున్నది ఒక్క నేస్తం. ఇదీ తెగిపోతే మళ్ళీ ఎవరి దగ్గరికైనా వెళ్తుందంటారా? నాకు తిండి సయించడం లేదమ్మా."

ఆటలత్త తప్పు చేసింది అప్పుడే. గలగల ఇంక రాదని పిల్లలకి చెప్పి ఆ చాప మడిచి పెట్టెలో పెట్టాలి. పెట్టలేదు. నాలుగు రోజులు పోతే ఆ తల్లి కోపం చల్లారుతుందిలే అనుకుంది. పద్ధతి ప్రకారం గలగల చాప అక్కడే ఉంది. వంతు వచ్చినప్పుడల్లా బంతి దాని మీదికి దొర్లింది. అందరూ ఆగారు.

కొన్ని రోజులు గువ్వ కూడా అందరిలాగే ఆగింది. తర్వాత, పక్క పిల్ల బంతి తియ్యబోతే గువ్వ చెయ్యి అడ్డం పెట్టింది. బంతి చాప మీదే ఉంది, కదల్లేదు. గువ్వ రెండు చేతులూ దోసిలిలా చేసి ఎదురుచూసింది. కాసేపటికి ఆ చేతులు కిందికి వంగాయి, ఏదో బరువు వచ్చి పడ్డట్టు. గువ్వ నవ్వింది. ఆ ఖాళీ చేతులతోనే మళ్ళీ ముందుకు దొర్లించింది. మువ్వ బంతి చాప మధ్యలో ఊరికే పడి ఉంది. దానితో ఇంక ఎవరికీ పని లేనట్టుంది.

'పిల్లలు ఊహించుకుని ఆడతారు, ఇది మంచిదే' అని ఆటలత్త తనకి తాను సర్దిచెప్పుకుంది. కానీ ఊహించుకునేవాళ్ళు తమకి తోచినట్టు ఆడతారు. గువ్వ అలా ఆడడం లేదు. ఒకసారి చాలాసేపు ఆగాల్సి వచ్చేది, ఒకసారి వెంటనే వచ్చేసేది. అప్పుడప్పుడు పక్కకి వంగి అందుకోవాల్సి వచ్చేది. తను అనుకోనిది ఏదో వచ్చినప్పుడు ఉలిక్కిపడే తీరు ఎలా ఉంటుందో ఆటలత్తకి తెలుసు. గువ్వ అలాగే ఉలిక్కిపడుతోంది.

ఇంకా ఘోరం, మిగతా పిల్లలు. ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా ఆ చాప చుట్టూ తిరిగి వెళ్ళేవారే తప్ప దాటేవారు కాదు. గువ్వ చేతులు ముందుకు చాచగానే గదిలో ఉన్న తలలన్నీ మెల్లగా చాప వైపు తిరిగేవి. ఆగేవి. మళ్ళీ మెల్లగా గువ్వ వైపు తిరిగేవి. నేల మీద ఏమీ లేదు. ఒకరోజు తన తల కూడా వాళ్ళతో పాటు తిరుగుతోందని ఆటలత్త గమనించింది.

చాప కుట్లు ఊడితే సరిచెయ్యడానికి టైలరు వచ్చాడు. తియ్యబోతుంటే ఒక జోడీపిల్ల అతి మామూలుగా, "తాతా, ఆగు. లేవనీ" అంది. ఆయన సూది సంచీతో సహా అక్కడే నిలబడిపోయాడు. పిల్లలందరూ వెళ్ళాక ఆయనే వంగి చాప మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఏమే, ఇటు ఎండ పడుతుందా?"

"పడదు. కిటికీ అటు కదా."

"మరి ఇది వెచ్చగా ఉందేమిటి?"

ఆవిడ కూడా చెయ్యి పెట్టి చూసింది. ఎవరో కూర్చుని ఇప్పుడే లేచి వెళ్ళినంత వెచ్చగా ఉంది.

మర్నాడు ఆటలత్త తెగించింది. గువ్వ దగ్గర వాళ్ళ నాన్నని ఉండమని చెప్పి, గలగల ఇంటికి బయల్దేరింది. పార్లరు ఖాళీగా ఉంది. తల్లి కుర్చీలో కూలబడి ఉంది, కళ్ళ కింద నల్లటి చారలు. ఆవిడ ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ నున్నగా చేస్తుంది, తన మొహం చూసుకునే ఓపిక మాత్రం లేనట్టుంది.

"వచ్చారా? రండి, మీరు చేసిన ఘనకార్యం చూద్దురుగాని" అని వెనకగది తలుపు తోసింది.

గలగల నేల మీద కూర్చుని ఉంది, గోడకి ఎదురుగా. దగ్గర బంతి లేదు, బొమ్మ లేదు. చేతులు ముందుకు చాచి దొర్లించింది. ఆగింది. అచ్చు గువ్వ ఆగే తీరే అది. తర్వాత ఆ చేతులు దోసిలయ్యాయి, కిందికి వంగాయి. పిల్ల నవ్వింది.

ఆటలత్త బేకరీ అతనికి వీడియో కాల్ చేసింది. "అన్నా, గువ్వని చూపించు. దానికి నీ ఫోను కనబడకూడదు, వెనక నుంచి పట్టుకో. మాట్లాడకు."

తెర మీద గువ్వ కనిపించింది. చేతులు ముందుకు చాచింది. ఇక్కడ గలగల చేతులు దోసిలయ్యాయి. ఇక్కడ గలగల పక్కకి విసిరింది. అక్కడ గువ్వ పక్కకి వంగింది. ఇద్దరూ ఒకేసారి ఫక్కున నవ్వారు. ఒక నవ్వు గదిలో, ఒక నవ్వు ఫోనులో.

తల్లి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇదంతా మీరు నేర్పించారు. ఇద్దరికీ కంఠతా పట్టించారు" అంటూ కూతురికీ గోడకీ మధ్యకి వెళ్ళి నిలబడింది. గలగల చేతులు గాల్లో ఆగిపోయాయి. ఫోనులో గువ్వ కూడా ఆగింది. అంతలో గువ్వ తల మెల్లగా ఒక పక్కకి వంచింది. అడ్డంగా ఎవరో నిలబడితే వాళ్ళ పక్కనుంచి తొంగిచూసే తీరు అది.

తల్లి అది చూసింది. కెవ్వుమని ఫోను లాక్కుని ఆపేసింది. కూతుర్ని రెక్క పట్టి లేపబోయింది. గలగల ఒక్కసారిగా విదిలించుకుని, ఆ లేని బంతిని రెండు చేతులతో తల పైకెత్తి, బలమంతా పెట్టి గోడకేసి కొట్టింది. చప్పుడు కాలేదు. ఆ చప్పుడు కాకపోవడమే ఆటలత్త చెవుల్లో గింగురుమంది.

తల్లి ఏడుస్తూ నేల మీద కూర్చుండిపోయింది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "రేపు తీసుకొస్తాను" అంది. "ఒక్కసారి, అంతే. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇంక ఆట అయిపోయిందని చెప్పించండి. తర్వాత మా పిల్లని ఈ ఊళ్ళోనే ఉంచను, మా అక్క దగ్గరికి పంపేస్తాను. దీన్ని నాకు మామూలు పిల్లగా చేసివ్వండి, మీకు పుణ్యముంటుంది."

ఆటలత్తకి రాత్రంతా కంటి మీద కునుకు లేదు. గువ్వకి ఉన్న ఒక్క నేస్తాన్ని రేపు తన గదిలోనే, తన చేతులతోనే తెంపాలి. ఈ సంగతి బేకరీ అతనికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చెప్పింది. అతను విని తలూపాడు. మధ్యాహ్నం ఆ ఇద్దరు పిల్లల చాపలు మాత్రమే పరిచారు. గువ్వ తన చాప మీద ఉంది. గలగల తన తల్లి వెనక నడిచొచ్చి, చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి ఖాళీ చాప మీద కూర్చుంది.

గువ్వ తలెత్తలేదు. ఇన్నాళ్ళకి వచ్చిన నేస్తం కళ్ళెదురుగా కూర్చుంటే, ఆ పిల్లలో సంతోషం లేదు, ఆశ్చర్యం లేదు. గలగలా అంతే. రోజూ కలిసేవాళ్ళలా కూర్చున్నారు ఇద్దరూ. బేకరీ అతను పెదవి కొరుక్కున్నాడు. 'ముందే తెగిపోయిందా? నేనే ఆలస్యం చేశానా?' అని ఆటలత్త కుమిలిపోయింది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ పళ్ళ బిగువున ఆపుకుంది.

"చూశారా, దానికి గుర్తు కూడా లేదు" అంది తల్లి మెల్లగా. "చెప్పించేయండి, వెళ్ళిపోతాం."

అప్పుడు గువ్వ మాట్లాడింది. ముసలాయన గొంతు కాదు, పెద్దావిడ గొంతు కాదు. సన్నటి, కొంచెం జీర ఉన్న గొంతు. ఇన్నాళ్ళలో ఆ గదిలో ఎవరూ వినని గొంతు.

"నిన్న గట్టిగా వేశావు. చెయ్యి నొప్పెట్టింది."

గలగల చటుక్కున తలెత్తింది. "సారీయే. నీ మీద కోపం కాదు. మా అమ్మ మీద."

"ఎందుకు?"

"మధ్యలో నిలబడిందిగా."

గువ్వ కాసేపు ఆలోచించి, "ఊఁ" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఆటలో పడ్డారు. మువ్వ బంతి ఘల్లుఘల్లుమంటూ అటూ ఇటూ తిరిగింది.

"నిన్న ఫోను ఆగిపోయాక చెయ్యి పట్టుకుని ఊదుకుంటూ కూర్చుందమ్మా" అన్నాడు బేకరీ అతను. "ఏ చీమైనా కుట్టిందేమోనని చూశాను. అరచెయ్యి ఎర్రగా కంది ఉంది." అంటూనే వెక్కివెక్కి ఏడ్చాడు. భయానికో, బిడ్డ ఇంకో పిల్లని "ఎందుకు?" అని అడిగినందుకో, అతనికే తెలియదు.

ఆటలత్త కళ్ళు ధారలు కట్టాయి. తోటి పిల్లతో ఒక్క మాట, ఒక్క ప్రశ్న. దాని కోసమే కదా ఈ చాపలూ, ఈ పీటా, ఈ నోరు మూసుకోవడమూ అన్నీ! ఆ మాట వచ్చింది. ఎటునుంచి వచ్చిందో తలుచుకుంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తోంది. ఆవిడ పీట మీంచి కదలకుండా, గలగల తల్లి ఏమంటుందా అని ఎదురుచూసింది.

తల్లి చాలాసేపు కూతుర్నే చూస్తూ నిలబడింది. పిల్లని లేపడానికి ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. చివరికి పీట దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా వంగి అడిగింది.

"ఎలా తెలిసిందండీ ఆ పిల్లకి?"

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

గలగల తల్లి చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది, విప్పుకుంది. "నేను విడదీసినంత మాత్రాన ఇది ఆగదన్నమాట" అంది.

ఆటలత్త పీట మీద కాస్త పక్కకి జరిగింది.

"రేపట్నుంచి బడి వదలగానే తీసుకొస్తాను. రోజూ తీసుకొస్తాను. ఆడుకుంటే ఇక్కడే, నా కళ్ళెదురుగా ఆడుకోనివ్వండి. ఇంట్లో నా పక్కన కూర్చుని ఆడుతుంటే నాకు భయమేస్తోందండీ."